పాత మోటారు సైకిలు: పోషణ, మెరుగుదల

రాయలసీమలో ఊరికి ఊరికి మధ్య దూరము ఎక్కువ, బస్సులు తక్కువ. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోవు 40వ నంబరు జాతీయ రహదారి నిడివి సుమారు 200 కిలోమీటర్లు. ఆ రహదారికి ఇరుప్రక్కల లోపలనున్న పల్లెలనుండి మండల కార్యాలయమునకు పోవలెనన్నను, మార్కెట్టు యార్డుకు ధర విచారింప పోవలెనన్నను, పండుగనాడు మహానందికో, అహోబిలమునకో, యాగంటికో కుటుంబముతో పోవలెనన్నను పెక్కుమందికి మోటారు సైకిలే ఆధారము. పంచాయతీ సభ్యులకైతే అది వాహనము మాత్రమే కాదు, కార్యాలయములో సగభాగము.

క్రొత్త బండ్లు వీధివీధినా కనిపించుచున్న ఈ కాలమునకూడ, మన గ్రామములలో పాత బుల్లెట్టులు, యెజ్డీలు, రాజదూతులు ఇంకను తిరుగుచునే ఉన్నవి. తండ్రి కొన్న బండిని కుమారుడు నడుపుచుండుట, పెండ్లి నాటి బండిని అమ్ముటకు మనసొప్పక కొట్టములో నిలిపియుంచుట సర్వసాధారణము. ఇట్టి బండి సరిగా పోషించినచో క్రొత్త బండికి కావలసిన అప్పును తప్పించును. పోషింపక నడిపినచో ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఈ రెంటికిని నడుమనున్న తేడా ఎక్కువ ధనముతో కూడినది కాదు. కొంచెము తెలివిడితో, క్రమము తప్పని శ్రద్ధతో కూడినది. ఆ తెలివిడిని పంచాయతీ సభ్యుల ద్వారా గ్రామములకు అందించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ బండ్లు ఎట్లు వచ్చినవి

కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానిగా నున్న కాలముననే, అనగా 1955లో, ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమునకు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ మద్రాస్ మోటార్స్ సంస్థతో కలిసి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీని స్థాపించినది. భారత సైన్యము సరిహద్దు గస్తీకి ఈ బండ్లను కోరుట అందులకు ముఖ్యకారణము. మొదట ఇంగ్లండునుండి వచ్చిన భాగములను ఇక్కడ కూర్చెడివారు. క్రమముగా అన్ని భాగములును తిరువొత్తియూరు కర్మాగారముననే తయారగుట ప్రారంభమైనది. ఇంగ్లండులో మాతృసంస్థ మూతపడిన తరువాత కూడ మన దేశమున బుల్లెట్టు ఆగలేదు. ఇనుపపోత సిలిండరు గల ఆ పాత ఇంజను, కొలదిపాటి మార్పులతో, 2010 ప్రాంతమువరకు తయారైనది. ఒకే నమూనా అన్ని దశాబ్దములు నిలుచుటచేత రైతుకు కలిగిన లాభమేమనగా, విడిభాగములు నేటికిని దొరకుచున్నవి. మరమ్మతు తెలిసిన మేస్త్రీలును ఉన్నారు.

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో ప్రారంభమై 1996 వరకు జావా, యెజ్డీ బండ్లను తయారుచేసినది. పోలండు దేశపు నమూనా ఆధారముగా ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేసిన రాజదూతు మన పల్లెలలో పాలక్యానులను, విత్తనపు బస్తాలను మోసినది. జావా, యెజ్డీ, రాజదూతులు పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన టూ స్ట్రోకు బండ్లు. బుల్లెట్టు ఫోరు స్ట్రోకు బండి. ఈ భేదము మరచి బుల్లెట్టు పెట్రోలులో నూనె కలుపుట గాని, యెజ్డీలో నూనె కలుపక పోయుట గాని రెండును హాని చేయును. నూనె కలుపని యెజ్డీ పిస్టను కొలది దూరములోనే బిగిసిపోవును.

ఇక్కడ ముఖ్యముగా బుల్లెట్టు 350ని ఉదాహరణముగా తీసికొని చెప్పుచున్నాము. దాని ఇంజను 346 ఘన సెంటీమీటర్లది. పిస్టను అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు, నడక 90 మిల్లీమీటర్లు. నడక పొడవగుటచే అది మెల్లగా తిరుగుచు బరువు లాగును. పరుగు దాని స్వభావము కాదు. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగములో రోజంతయు నడచు బండిని 100 దాటించి పరీక్షించుట ఎద్దును గుఱ్ఱపు పందెమునకు తోలుట వంటిది.

మన నేల, మన ఎండ

ఒకే బండి కోస్తాలో ఒక విధముగను, సీమలో ఇంకొక విధముగను అరుగును. మనకు సంవత్సరములో ఎక్కువ నెలలు వానలుండవు. మే నెలలో కర్నూలు, నంద్యాల ప్రాంతములలో ఎండ 42, 43 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములలో నాపరాతి గనుల దుమ్ము, సిమెంటు లారీల దుమ్ము దారిపొడవున లేచుచుండును. కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి వాన పడిన మరుక్షణము మడ్డుగార్డు లోపల పేరుకొని చక్రమునే పట్టివేయును. గట్లవెంట కంపచెట్ల ముళ్ళు టైరులను పొడుచును. దుమ్ము, వేడి, ముల్లు, రేగడి అను ఈ నాలుగింటిని ఎదుర్కొనుటయే మన పోషణకు సారము.

దుమ్ము విషయమున మొదట చూడవలసినది గాలి ఫిల్టరు. అది మూసుకొనిపోయినచో ఇంజనుకు ఊపిరి ఆడదు. పెట్రోలు ఎక్కువ త్రాగును, నల్లని పొగ వచ్చును. ఫిల్టరు తీసివేసి నడపినచో బండి చురుకుగా పోయినట్లు తోచును గాని, నాపరాతి దుమ్ము సిలిండరులోనికి పోయి ఆకురాయివలె గోడలను అరగదీయును. ఫిల్టరు ఖరీదు కొలది. బోరు చేయించుటకు అగు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. మెల్లగా తట్టి దుమ్ము రాల్చవలెను, పాడైనదానిని మార్చవలెను.

నూనె: బండికి రక్తము

పాత బుల్లెట్టులో మూడు నూనెలు మూడు చోట్ల వేరువేరుగా ఉండును. ఇంజనుకు ఒకటి; ఎడమ ప్రక్క మూతలోని ప్రైమరీ చెయినుకు, క్లచ్చికి ఒకటి; గేరుబాక్సునకు ఒకటి. ఒకదానిలో పోసినచో మిగిలినవాటికి చేరునని అనుకొనుట పొరపాటు. ఇంజను నూనె మాత్రము చూచి, గేరుబాక్సును సంవత్సరములకొలది మరచుటచేతనే పెక్కు బండ్లలో గేర్లు జారుచున్నవి.

ఇంజను నూనె మట్టము చూచుటకుకూడ ఒక పద్ధతి గలదు. బండి కొన్ని దినములు నిలిచియున్నచో నూనె ట్యాంకునుండి మెల్లగా ఇంజను అడుగునకు దిగిపోవును. అట్టి స్థితిలో మూత తీసి చూచి, నూనె తక్కువైనదని తలచి మరల పోయుదురు. తరువాత ఇంజను తిరుగగానే ఎక్కువైన నూనె పొంగి గాలిగొట్టము ద్వారా బయటకు చిమ్మును. కావున ఇంజనును కొన్ని నిమిషములు నడిపి, ఆపిన పిమ్మటనే మట్టము చూడవలెను. ఇంజను తిరుగుచుండగా నూనె మూత తీసి చూచినచో పంపు త్రిప్పిపంపు నూనె లోపల ధారగా పడుచుండుట కనిపించును. ఆ ధార కనిపింపకున్నచో వెంటనే ఇంజను ఆపి మేస్త్రీకి చూపవలెను. ఈ ఒక్క పరీక్ష ఎన్నో ఇంజన్లను కాపాడగలదు. దీనికి పనిముట్టు అక్కరలేదు.

మన ఎండలకు వేసవిలో చిక్కదనము నిలుపుకొను 20 డబ్ల్యు 50 రకపు నూనె తగియుండును. మామూలు కాలమున 20 డబ్ల్యు 40 సరిపోవును. దుమ్ముదారులలో తిరుగు బండికి 2,000 నుండి 2,500 కిలోమీటర్లకు ఒకసారి నూనె మార్చుట మేలు. నూనెతోపాటు ఫిల్టరునుకూడ మార్చవలెను. ఇంజను వెచ్చగా నున్నపుడే పాత నూనెను దింపవలెను. అప్పుడే అడుగున పేరుకొన్న మడ్డి దానితోపాటు కొట్టుకొనివచ్చును.

నిప్పురవ్వ, వాల్వులు

కిక్కు కొట్టి కొట్టి కాలు నొచ్చిన వానికి బుల్లెట్టు మొండిబండిగా తోచును. నిజమునకు మొండితనము బండిది కాదు, పాయింట్లది. పాత బండ్లలో కరెంటును తెంచి రవ్వ పుట్టించు కాంటాక్టు పాయింట్లు దుమ్ముచేతను, అరుగుదలచేతను చెడిపోవుచుండును. వాటి మధ్య సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను. ప్లగ్గు కొనల మధ్య సందు సుమారు అర మిల్లీమీటరు. రెంటిని కొలుచుటకు ఫీలరు గేజి అను రేకుల కట్ట మోటారు సామానుల అంగడిలో స్వల్ప ధరకు దొరకును. కంటిలెక్కతో సరిచూచుట తగదు.

ప్లగ్గు రంగు ఇంజను ఆరోగ్యమును తెలుపును. ఇటుకవన్నె గాని, లేత గోధుమవన్నె గాని ఉన్నచో అంతయు సవ్యముగా నున్నది. పొడిమసి పట్టినచో పెట్రోలు పాలు ఎక్కువైనది. తెల్లబడి పొంగులు వచ్చినచో పెట్రోలు తక్కువై ఇంజను మితిమీరి వేడెక్కుచున్నది. జిడ్డుగా తడిసియున్నచో నూనె లోనికి వచ్చుచున్నది.

టాపెట్ల సర్దుబాటు ఇంజను పూర్తిగా చల్లారినప్పుడే, అనగా తెల్లవారుజామున, చేయవలసిన పని. పిస్టను పైకి వచ్చి రెండు వాల్వులును మూసికొనిన స్థితిలో, పుష్‌రాడ్డు వ్రేళ్ళతో సులువుగా తిరుగవలెను. పైకి క్రిందికి మాత్రము ఆడరాదు. ఇదియే కొలత. మరీ బిగించినచో వాల్వులు పూర్తిగా మూసికొనక మాడిపోవును; వదులైనచో టకటక శబ్దము చేయును. శబ్దము వచ్చు బండికంటె శబ్దమే లేక వాల్వు మాడు బండికి ఎక్కువ నష్టము కలుగును.

నేటి పెట్రోలు

పాత బండిగలవారు తెలిసికొనవలసిన క్రొత్త విషయమొకటి గలదు. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో నూటికి 20 పాళ్ళ ఇథనాలు కలిపి అమ్ముట జరుగుచున్నది. చెఱకు, మొక్కజొన్న, ధాన్యములనుండి తయారగు ఈ ఇథనాలు వలన దేశమునకు చమురు దిగుమతి తగ్గును. రైతుకు గిరాకి పెరుగును. కాని ఇనుపపోత కాలపు బండ్లను దీనికొరకు తయారుచేయలేదు. ఇథనాలు పాత రబ్బరు గొట్టములను, కార్బొరేటరులోని వాషర్లను ఉబ్బించును లేదా పెళుసుబార్చును. గాలిలోని తేమను పీల్చుకొనును; ట్యాంకు నెలల తరబడి కదలక నున్నచో నీరు అడుగున చేరి త్రుప్పు పట్టించును.

దీనికి భయపడనక్కరలేదు. మూడు జాగ్రత్తలు చాలును. ఇథనాలును తట్టుకొను క్రొత్త రకపు పెట్రోలు గొట్టమును, కార్బొరేటరు వాషర్లను ఒకసారి వేయించవలెను. కార్బొరేటరు గిన్నెను అప్పుడప్పుడు విప్పి అడుగు నీటిని తుడిచివేయవలెను. నెలకు మించి బండిని నిలుపదలచినచో కార్బొరేటరులోని పెట్రోలును ఖాళీచేయవలెను. బుల్లెట్టు తక్కువ ఒత్తిడితో పనిచేయు ఇంజనగుటచే అధిక ధరకు అమ్ము ప్రత్యేక పెట్రోలువలన దానికి చెప్పుకోదగిన లాభములేదు.

బ్రేకులు, ఘాటు దారులు

బండి ముందుకు పోకున్నచో ప్రయాణము మాత్రమే ఆగును. బండి నిలువకున్నచో ప్రాణములే పోవచ్చును. కావున ధనము స్వల్పమైనపుడు మొదటి రూపాయి బ్రేకులకే పెట్టవలెను.

మన రెండు జిల్లాల చుట్టును ఘాటు దారులు కలవు. కడప నుండి రాయచోటికి పోవుదారిలో గువ్వలచెరువు ఘాటు, నంద్యాల నుండి గిద్దలూరుకు నల్లమల ఘాటు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలమునకు పోవు అడవిదారి మన వారందరికి పరిచితములే. పాత బండ్ల డ్రమ్ము బ్రేకులు ఎడతెగక నొక్కినచో వేడెక్కి పట్టు కోల్పోవును. పెట్రోలు మిగులునని ఇంజను ఆపి, గేరు తీసి పల్లమున జారవిడుచుట కొందరికి అలవాటు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఏ గేరుతో కొండ ఎక్కుదుమో ఆ గేరుతోనే దిగవలెను. అప్పుడు ఇంజనే బండిని పట్టియుంచును. బ్రేకులు మలుపులకు, ఆపదకు మిగిలియుండును.

పాత బుల్లెట్టులో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండును. నేటి బండ్లన్నిటిలో ఇది తారుమారు. ఇంటిలో రెండు రకముల బండ్లున్నచో, క్రొత్తవాడు పాత బండి నెక్కి ఆపదలో బ్రేకనుకొని గేరు తొక్కు ప్రమాదము గలదు. ఊరి బయట ఖాళీ స్థలమున అభ్యాసము చేయింపక పాత బండిని యువకుల చేతికి ఈయరాదు.

బ్రేకు లైనింగు అరిగి రివెట్లు కనిపించువరకు ఆగరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండుట కలదు. దాని పొడి ఊపిరితిత్తులకు దీర్ఘకాలిక హాని చేయును. డ్రమ్ము విప్పినపుడు నోటితో ఊదుట, గాలిపంపుతో కొట్టుట మానిపించి, తడిగుడ్డతో తుడిపించవలెను. మేస్త్రీ దగ్గర పని నేర్చుకొను కుఱ్ఱవాని ఆరోగ్యము మనదే బాధ్యత.

చక్రములు, చెయిను

చెయినుకు చిక్కని గ్రీజు దట్టించుట మంచిదని కొందరి నమ్మకము. దుమ్ముదారిలో ఆ గ్రీజు ఇసుకను పట్టుకొని సానరాతి ముద్దగా మారి, చెయినుతోపాటు పళ్ళచక్రములనుకూడ తినివేయును. కిరసనాయిలుతో తుడిచి, 90 నంబరు గేరు నూనెను పలుచగా పట్టించి, మిగిలినది తుడిచివేయుట సరియైన పద్ధతి. మధ్యభాగమున చెయిను 25 నుండి 30 మిల్లీమీటర్లు ఆడవలెను. ఇద్దరు కూర్చున్నపుడు అది బిగియును గనుక మరీ బిగించరాదు.

చువ్వల చక్రములలో ఒక్కొక్క చువ్వను స్పానరుతో తట్టి చూడవలెను. బిగువుగా నున్నది గణగణ మ్రోగును. వదులైనది బొద్దుగా పలుకును. టైరు గోడపై అచ్చొత్తిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. ఉదాహరణకు 1419 అని యున్నచో 2019లో 14వ వారమున తయారైన టైరు. గాడులు లోతుగా నున్నను, రబ్బరు ఎండి పగుళ్ళు వచ్చిన టైరును వేసవిలో నమ్మరాదు. కంపముల్లు విరిగి టైరులోపలనే నిలిచిపోవుచుండును; పంక్చరు వేయునపుడు టైరు లోపలిభాగమును గుడ్డతో రాచి చూడకున్నచో అదే ముల్లు మరల ట్యూబును పొడుచును.

పొగ చెప్పు మాట

పాత బండిని పూర్తిగా విప్పించవలెనా, కొలదిపాటి మరమ్మతుతో సరిపెట్టవలెనా అను ప్రశ్న వచ్చినపుడు పొగను అడుగవలెను. నల్లని పొగ కార్బొరేటరు, ఫిల్టరు దోషము. కొలది ఖర్చుతో పోవును. నీలి పొగ నూనె మండుచున్నదనుటకు గుర్తు. రింగులో, వాల్వు గైడులో, సిలిండరో అరిగినవి. చలికాలపు ఉదయమున మొదటి కిక్కుకు వచ్చు తెల్లని ఆవిరినిగూర్చి చింతింపనక్కరలేదు.

బోరు చేయించవలసివచ్చినచో లేతు పనిలో పేరున్న చోటనే చేయించవలెను. పిస్టను ముందుగా కొని, దాని కొలతకు సిలిండరును బోరు చేయించవలెను గాని, బోరు చేయించిన తరువాత పిస్టను వెదకరాదు. క్రొత్త బోరును మొదటి 800 కిలోమీటర్లు మెల్లగా, ఒకే వేగమున కాక మార్చి మార్చి నడుపుచు, బరువు ఎక్కింపక, మధ్య మధ్య చల్లార్చుచు పోవలెను. ఈ ఓపిక లేక తిన్నగా శ్రీశైలమునకు పోయి పిస్టను బిగియించుకొనినవారు ఖర్చును రెండుమారులు భరింతురు.

చేయదగిన మెరుగుదలలు

మెరుగుదల యనగా మెరుపు కాదు. క్రోమియం పూతలకంటె, పెద్ద శబ్దము చేయు సైలెన్సరుకంటె ముందు చేయదగినవి కొన్ని కలవు. వాటి వరుసను ఇక్కడ తెలుపుచున్నాము.

మొదటిది బ్రేకు. మంచి లైనింగు, క్రొత్త బ్రేకు వైరు, గుండ్రముగా సరిచేయించిన డ్రమ్ము. ఈ మూడింటితోనే పాత బ్రేకు చాలవరకు బాగుపడును.

రెండవది వెలుగు. మిక్కిలి పాత బండ్లలో 6 వోల్టుల విద్యుత్తు ఉండెడిది, దీపము కొడిగట్టినట్లుండును. 12 వోల్టులకు మార్పించుట, దీపమునకు రిలే పెట్టి మందపు వైరు లాగించుట, ఎండకు పెళుసుబారిన పాత వైర్లను పూర్తిగా మార్చుట మేలైన పనులు. కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని అదనపు దీపములు ఎదుటివానిని గ్రుడ్డివానిని చేయును; వాటిని పెట్టరాదు. వెనుక ఎఱ్ఱని దీపము, ప్రతిఫలించు ఎఱ్ఱబిళ్ళ, రెండు ప్రక్కల అద్దములు తప్పక ఉండవలెను. చీకటిలో వెనుకనుండి వచ్చు లారీకి దీపములేని బండి కనిపింపదు.

మూడవది ఎలక్ట్రానిక్ ఇగ్నిషను. తరువాతి కాలపు ఎలక్ట్రా నమూనాలలో కంపెనీయే పాయింట్లను తీసివేసి దీనిని అమర్చినది. పాత బండికికూడ ఇట్టి అమరిక దొరకును. కిక్కు సులువగును, పెట్రోలు చక్కగా మండును. అయితే ఇది పాడైనచో దారిలో మరమ్మతునకు లొంగదు. దూరప్రయాణము చేయువారు పాత పాయింట్ల పలకను పెట్టెలో ఉంచుకొనుట వివేకము.

నాలుగవది వెనుక కూర్చుండువారి రక్షణ. పట్టుకొనుటకు పిడి, కాలు మోపుటకు ఫుట్‌రెస్టులు, వెనుక చక్రముయొక్క సగభాగమునకు తక్కువగాక కప్పు జాలి ఉండవలెనని కేంద్ర మోటారు వాహనముల నిబంధనలే విధించుచున్నవి. అందముకొరకు ఈ జాలిని తీసివేయుట చూచుచున్నాము. చీరకొంగు, చున్నీ చక్రములో చుట్టుకొని స్త్రీలు పడిపోవు ప్రమాదములకు ఇదియే కారణము.

చట్టము ఏమి చెప్పుచున్నది

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత మోటారు సైకిలు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. తరువాత రవాణాశాఖ అధికారి బండిని పరిశీలించి, అయిదేసి సంవత్సరములకు పునరుద్ధరించును. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వము 20 సంవత్సరములు దాటిన మోటారు సైకిళ్ళకు ఈ రుసుమును 2,000 రూపాయలుగా నిర్ణయించినది. రాష్ట్రమునకు చెల్లింపవలసిన హరిత పన్ను దీనికి అదనము. గడువు దాటిన బండితో ప్రమాదము జరిగినచో బీమా చెల్లింపునకు చిక్కులు కలుగును. మూడవ పక్షపు బీమా, పొగ తనిఖీ పత్రము ప్రతి బండికి తప్పనిసరి.

చట్టముయొక్క 52వ విభాగము ప్రకారము తయారీదారు నిర్దేశించిన ముఖ్యలక్షణములను మార్చుట నిషిద్ధము. 2019 జనవరిలో సుప్రీంకోర్టుకూడ దీనిని స్పష్టపరచినది. 2019 సవరణ ప్రకారము ఇట్టి మార్పునకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండునుగాని విధింపవచ్చును. అరిగిన భాగమును అదే రకపు భాగముతో మార్చుటకు అభ్యంతరములేదు. చట్రము కోయుట, వేరొక బండి ఇంజను బిగించుట, సైలెన్సరు లోపలి గొట్టము తీసివేయుట నేరములు. ఇంజనుగాని, బండి రంగుగాని మార్చదలచినచో ముందు రవాణా కార్యాలయమున విచారించి అనుమతి పొందుట మంచిది.

50 సంవత్సరములు దాటి, మూలరూపము చెడని బండ్లకు 2021 నిబంధనలు ప్రత్యేకమైన వింటేజి రిజిస్ట్రేషనును కల్పించినవి. దీని పేరు విని ఆశపడువారు ఒక సంగతి గమనింపవలెను. అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుటకు తప్ప నిత్యము దారిలో నడుపుటకు వీలులేదు. సంతకు పోవు బండికి మామూలు రిజిస్ట్రేషనే తగినది.

బయలుదేరుటకు ముందు

దూరప్రయాణమునకు ముందునాడే బండిని చూచుకొనవలెను. నూనె, బ్రేకులు, గాలి, దీపములు, చెయిను, క్లచ్చి వైరు, నట్లు బోల్టులు అను ఈ ఏడింటిని వరుసగా చూచుటకు పావుగంట పట్టును. సింగిలు సిలిండరు బండి అదురుటచే నట్లు వదులగుచుండును. పెట్టెలో ఒక ప్లగ్గు, క్లచ్చి వైరు, చెయిను లింకు, ట్యూబు, ఫ్యూజులు, స్పానర్లు, ఒక ఇనుప తీగచుట్ట ఉండవలెను. బరువును ఎత్తుగా వెనుకకు కట్టక, క్రిందుగా ఇరుప్రక్కల సమముగా కట్టవలెను.

వేసవిలో తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదురకముందే నిలుపుట బండికిని మనిషికిని మేలు. ఎక్కుడులో ఇంజను టిక్కుటిక్కుమని లోహపు శబ్దము చేసినచో అది వేడికి గుర్తు. చెట్టునీడన నిలిపి చల్లారనీయవలెను. వేడి ఇంజనుపై నీరు చల్లరాదు, ఇనుపపోత పగులును. శ్రీశైలపు అడవిదారిలో పులుల అభయారణ్యము దృష్ట్యా రాత్రివేళ రాకపోకలు నిలుపుదురు. కాబట్టి ప్రొద్దు వాలునప్పటికి అడవి దాటునట్లు లెక్కవేసికొని పోవలెను.

శిరస్త్రాణము నడుపువారికే కాదు, వెనుక కూర్చుండువారికిని తప్పనిసరి. నాలుగు సంవత్సరములు దాటిన వారందరికి చట్టము దీనిని విధించినది. పెట్టుకొనినంత మాత్రమున చాలదు. గడ్డము క్రింది పట్టీని బిగింపవలెను. బిగింపని శిరస్త్రాణము పడినపుడు తలకంటె ముందే ఎగిరిపోవును.

పంచాయతీలు చేయదగిన పనులు

ఇంతవరకు చెప్పినది బండి యజమాని పని. పంచాయతీ సభ్యులుగా చేయదగినవి మరికొన్ని కలవు.

మొదటిది వాడిన నూనె. మరమ్మతు అంగళ్ళలో దింపిన నల్లనూనెను కాలువలోను, చెట్ల మొదట్లోను పారబోయుట ఆచారమైనది. ఒక పాలు వాడిన నూనె పది లక్షల పాళ్ళ మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరించుచున్నది. వందల అడుగుల లోతునకు బోరు వేసి నీరు తోడుకొను మన సీమలో ఈ నష్టము భరింపరానిది. మన దేశమున 2016 నిబంధనల ప్రకారము వాడిన నూనె ప్రమాదకర వ్యర్థము. ప్రతి మరమ్మతు అంగడి ముందు మూతగల పీపానొకటి ఉంచునట్లు పంచాయతీ తీర్మానించి, నిండిన నూనెను అనుమతి పొందిన శుద్ధి కేంద్రములకు చేరవేయు వారికి అప్పగింపవచ్చును.

రెండవది మలుపుల వద్ద పెరిగిన కంప. ఎదుట వచ్చు బండి కనిపింపకుండ దారికి అడ్డముగా పెరిగిన కంపచెట్లను ఏటేట కొట్టించుట పంచాయతీకి భారముకాని పని. కొట్టిన కంపను దారిప్రక్కనే వదలక తొలగింపవలెను. లేనిచో ముళ్ళు దారిలోనికే వచ్చును.

మూడవది తనిఖీ దినము. సంవత్సరమునకు ఒకమారు, జాతరలకు ముందు, గ్రామములోని మేస్త్రీలను, సమీపపు ఐ.టి.ఐ. విద్యార్థులను పిలిపించి, పాత బండ్ల బ్రేకులు, దీపములు, పత్రములు ఉచితముగా చూపించినచో అనేక ప్రమాదములు తప్పును. విద్యార్థులకు విద్య, యజమానులకు రక్షణ, మేస్త్రీలకు పని.

నాలుగవది ప్రమాదము జరిగినపుడు భయము తీర్చుట. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినచో పోలీసులు తమను వేధింతురని మన గ్రామములలో ఇంకను భయపడుదురు. 2019లో చేర్చిన 134ఏ విభాగము ప్రకారము సదుద్దేశముతో సహాయపడినవారిపై సివిలు గాని, క్రిమినలు గాని బాధ్యత ఉండదు. తమ పేరు చెప్పుమని వారిని నిర్బంధింపరాదు. ఈ మాటను గ్రామసభలో చదివి వినిపింపవలెను. 108కి కబురు చేసి, మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చిన మనిషి బ్రతుకుటకు అవకాశము ఎక్కువ.

పాత బండిని కాపాడుకొనుటలో పొదుపు ఉన్నది, పెద్దల జ్ఞాపకము ఉన్నది. కాని ఆ రెంటికంటె ముందు దానిపై కూర్చుండువారి ప్రాణములు ఉన్నవి. బ్రేకు పట్టని, దీపము వెలుగని, పత్రములు లేని బండిని పూర్వుల ఆస్తియని నడపుట గౌరవము కాదు. ఏ బండిని బాగుచేయవలెనో, ఏ బండిని అమ్మివేయవలెనో యజమానికి నిష్పక్షపాతముగా చెప్పగలవారు గ్రామములో పంచాయతీ సభ్యులే. రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమునకు ఒక అరగంట కేటాయింతురుగాక. ప్రతి బండియజమాని ఒక చిన్న పుస్తకములో నూనె మార్చిన తేది, బ్రేకు చూచిన తేది, బీమా గడువు వ్రాసికొను అలవాటును ఆనాడే ప్రారంభింతురుగాక.